బయల్దేరిన టైము

పన్నెండవ భాగం

దర్జీ ఆవిడ ఇంట్లో మంట లేచి ఆరు రోజులైంది. మంట ఆరడానికి పావుగంట కూడా పట్టలేదు గానీ, దాని సెగ మాత్రం గ్యాస్ ఏజెన్సీ ఆఫీసులో ఇంకా చల్లారలేదు. ఆమె తల్లి రెండు చేతులకూ కట్లతో ఆసుపత్రిలో ఉంది. "పొద్దున ఆఫీసు తలుపు తీసీ తీయగానే వచ్చి, గ్యాస్ వాసన వస్తోందని చెప్పాను, ఎవరూ రాలేదు" అంటుంది దర్జీ. "ఆమె రానే లేదు, అంతా అయ్యాకే మాకు కబురొచ్చింది" అంటాడు ఓనరు. ఓనరు మాటకి సాక్ష్యం ఫిర్యాదుల రిజిస్టరు. మంట లేచింది పదిన్నరకి. రిజిస్టరులో ఫిర్యాదు అందిన సమయం పది గంటల యాభై నిమిషాలు. అదే నిజమైతే తప్పంతా ఆ తల్లీకూతుళ్లది. అప్పుడు కంపెనీ బీమా నుంచి ఆసుపత్రి ఖర్చూ రాదు, కాలిన ఇంటికి సాయమూ రాదు. పైగా అబద్ధాలకోరన్న పేరొకటి మిగులుతుంది.

రిజిస్టరులో ఉన్నది నిజం కాదని ఏజెన్సీలో గట్టిగా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఏజెన్సీ మెకానిక్కు. రెండోవాళ్లు, కౌంటరులో కూర్చుని ఆ రిజిస్టరు రాసే అతని మేనకోడలు. ఒకే ఇంట్లో ఉంటూ, పక్కపక్కన కూర్చుని తింటూ, ఆరు రోజులుగా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఓనరుకి అనుమానం ఉంది. అడిగితే తెలిసిపోతుందని అతను అడగలేదు.

ఏడో రోజు పొద్దున కంపెనీ ఏరియా ఆఫీసు నుంచి విచారణకి ఆఫీసరమ్మ వచ్చింది. మంచినీళ్లు తెమ్మంటారా అని ఓనరు అడిగేలోపే, రిజిస్టరు తెమ్మంది.

*

ఆఫీసు గది పెద్దదేం కాదు. ఒక కౌంటరు, రెండు బల్లలు, గోడకి ఆనించిన ఇనుప బీరువా, మూలన ఒక తూకం మిషను. లోపలికొచ్చినవాళ్ల కళ్లకి మొదట ఆనేలా కౌంటరు వెనక గోడకి నీలం బోర్డు. 'ప్రజలకు మా హామీలు' అని పైన పెద్దక్షరాలు. ప్రభుత్వ కంపెనీ కాబట్టి, దాని గ్యాస్ అమ్మే ప్రతి ఏజెన్సీ గోడకీ ఆ బోర్డు ఉండి తీరాలి. సిలిండరు బుక్ చేస్తే ఎన్ని రోజుల్లో ఇంటికి చేరాలో, తూచి చూపమంటే గుమ్మంలోనే తూచి చూపాలని, ఉత్తరం రాస్తే ఎన్నాళ్లలో జవాబివ్వాలో వరసగా ఉంటాయి. నాలుగోది మాత్రం ఎర్రక్షరాల్లో ఉంటుంది: గ్యాస్ లీకు ఫిర్యాదు అందిన గంటలోపు మెకానిక్ మీ ఇంట్లో ఉంటాడు.

ఆఫీసరమ్మ ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. కంపెనీ కారులో దిగుతుందనుకుని ఓనరు గేటు దగ్గర మనిషిని నిలబెట్టాడు. ఆమె బస్సు దిగి, వెనకదారిన గోడౌను మీదుగా నడిచి వచ్చేసింది. చెప్పుల మీద దుమ్ము ఇంకా దులుపుకోలేదు. వరి వెన్ను చూసి ధాన్యం నిండిందో తాలుపోయిందో చెప్పే రైతులాగా, ఒక్కో వరసా వేలితో తడుముతూ నెమ్మదిగా చదువుతోంది.

మెకానిక్కు తలుపు పక్కన నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. సబ్బునీళ్లలో నాని నాని గోళ్లు తెల్లబారాయి. డెలివరీ వాళ్లు అతన్ని 'ముక్కు మామ' అంటారు. ముక్కేమీ పెద్దది కాదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, కారేది ట్యూబో, పొయ్యి మీటో, సిలిండరు మూతి లోపలి వాషరో చెప్పేస్తాడని ఆ పేరు. ఇరవై రెండేళ్లలో అతని ముక్కు తప్పు చెప్పింది రెండు మూడుసార్లకి మించి ఉండదు.

"ఎన్నో పుస్తకమండీ ఇది?" అంది ఆఫీసరమ్మ.

"మూడోది మేడం," అన్నాడు ఓనరు. "పదకొండేళ్లుగా ఒక్క ఫిర్యాదు గంట దాటలేదు. అదిగో, మెచ్చుకుంటూ మీ కంపెనీ ఇచ్చిన పత్రం. అద్దం కట్టించి పెట్టాం."

"చూశాను. ఇరవై అయిదు నిమిషాలు, ముప్పై, ముప్పై అయిదు. యాభై దాటింది ఒక్కటీ లేదు. మా ఆఫీసులో కొందరికి కుర్చీలోంచి లేవడానికే అంతసేపు పడుతుంది."

ఓనరు గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు కాబట్టి మధ్యలో ఆపేశాడు.

"పోయిన వానాకాలం వాగు పొంగి రెండు రోజులు వంతెన మూసేశారు కదా?"

"అవును మేడం. మా లారీలు కూడా ఇటే ఆగిపోయాయి."

"రెండో రోజు వాగు అవతలి కాలనీలో లీకు. ముప్పై నిమిషాల్లో చేరినట్టుంది." తల తిప్పి మెకానిక్కుని చూసింది. "ఈదుకుంటూ వెళ్లారా?"

మెకానిక్కు తన తెల్లబారిన గోళ్లు చూసుకున్నాడు.

"మావాడు అంతేనండి, పనంటే వానా వరదా చూడడు," అన్నాడు ఓనరు. "ఏమయ్యా, చెప్పవేం?"

"గుర్తులేదండి," అన్నాడు మెకానిక్కు.

గుర్తుండకపోవడమేమిటి. ఆ రోజు మధ్యాహ్నం దాకా వాగు ఒడ్డున సంచీ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు తీశాక మేనకోడలికి ఫోను చేసి, "బయల్దేరుతున్నా, రాసుకో" అన్నాడు. రాసుకుంది. ఆ ఆఫీసులో టైము రాయడమంటే అదే.

ఆ పద్ధతి పెట్టింది ఓనరు కాదు, అతనే. బోర్డు కొత్తగా తగిలించిన ఏడాది, ఒకే నెలలో అయిదు ఫిర్యాదులు గంట దాటాయి. కంపెనీ నుంచి ఘాటుగా ఉత్తరం వచ్చింది. రెండో మెకానిక్కుని పెట్టుకోండి సార్ అని ఇతను అడిగాడు. ఓనరు ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. రెండు నెలలు ఊరంతా సైకిలు మీద పరుగులు పెట్టి పెట్టి, ఒకరోజు పరుగులేమీ అక్కర్లేని ఉపాయం చెప్పాడు మెకానిక్కు. "నేను బయల్దేరితేనే కదా సార్ పని మొదలైనట్టు. అప్పుడే ఫిర్యాదు అందిందని రాద్దాం." అది అబద్ధంలా అనిపించలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అనిపించింది. మూడేళ్ల కింద, అక్క కూతుర్ని ఓనరు కాళ్లావేళ్లా పడి ఉద్యోగంలో పెట్టిన రోజు, పెన్ను చేతికిచ్చి మొట్టమొదట నేర్పిందీ అదే. "పేరు రాయి, ఇంటి నంబరు రాయి. టైము గడి వదిలెయ్యి. నేను ఫోను చేసినప్పుడు నింపు." ఆ పిల్ల ఎందుకని అడగలేదు. మామయ్య చెప్పాడు కదా అనుకుంది.

*

ఆఫీసరమ్మ రిజిస్టరు మూయకుండానే బోర్లించింది.

"ఇక్కడికి రాకముందు ఆసుపత్రికి వెళ్లొచ్చాను," అంది.

మేనకోడలు కౌంటరు వెనక తల వంచుకుని రసీదులు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది.

"దర్జీ ఆవిడతో కాదు, వాళ్లమ్మతో మాట్లాడాను. ఆవిడ చదువుకోలేదు. కూతురు ఇక్కడికొచ్చి చెప్పి, ఇంటికెళ్లి ఈ బోర్డు మీద ఉన్నది తల్లికి చెప్పిందట. గంటలో మనిషి వస్తాడు, రాసిపెట్టి ఉంది, అని. కుట్టిన బట్టలు ఇచ్చి రావాలని తను బజారుకి వెళ్లింది."

"ఆ ముసలావిడ ఏమైనా చెబుతుంది మేడం," అన్నాడు ఓనరు. "కూతురు నేర్పి పెట్టుంటుంది."

"నేర్పి ఉండొచ్చు," అంది ఆఫీసరమ్మ. ఒప్పుకున్నట్టే అంది గానీ, చెప్పడం మానలేదు. "పక్కింటావిడ పిలిచిందట. పిన్నీ, ఆ వాసనలో ఎందుకు, మా ఇంట్లో కూర్చోండి అని. ఈవిడ వెళ్లలేదు. ఎందుకెళ్లలేదమ్మా అని అడిగాను. 'గంటలో వస్తాడు కదమ్మా. తాళం చూసి వెనక్కి పోతే? తలుపు తీసే మనిషుండాలి కదా' అంది. గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుందట. గంటయింది. గంటన్నరయింది. ఇంక వచ్చేస్తాడు, వచ్చే మనిషి ఈ కంపులో ఎలా పనిచేస్తాడు, కాస్త గాలాడితే పోతుందిలే అని లేచి వెళ్లి, ఫ్యాను స్విచ్చి వేసింది."

అంతవరకు చెప్పి ఆగిపోయింది. ఆ తరవాతది చెప్పక్కర్లేదు. గ్యాస్ నిండిన గదిలో స్విచ్చి దగ్గర పుట్టే నిప్పురవ్వ ఒక్కటే చాలని అక్కడ అందరికీ తెలుసు.

మెకానిక్కు గోడకి ఆనుకున్నాడు. ఈ ఆరు రోజుల్లో ఆ మంట ఎలా లేచిందో అతను ఎన్నో రకాలుగా ఊహించుకున్నాడు. పొయ్యి వెలిగించబోయి ఉంటారు, ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంటారు, తెలివితక్కువ పనేదో చేసి ఉంటారు. అలా అనుకున్నప్పుడల్లా ఛాతీ మీద బరువు కాస్త తగ్గేది. తన ముక్కుకి ఇబ్బంది కలగకూడదని ఒక ముసలావిడ లేచి ఫ్యాను వేసి ఉంటుందని మాత్రం అతనికి తట్టలేదు.

ఆ పొద్దున అతను ఊరి చివర కొత్తగా కట్టిన ఇంట్లో పొయ్యి బిగిస్తున్నాడు. పైపు దూర్చడానికి వంటగట్టు రాతికి పెట్టిన కన్నం చిన్నదైపోయింది. ఆ ఇంటాయన నెత్తి మీద నిలబడి, ఇంకెంతసేపు ఇంకెంతసేపు అని నస పెడుతున్నాడు. అప్పుడొచ్చింది ఫోను.

"మామయ్యా, దర్జీ ఆవిడొచ్చి వెళ్లింది. వాసనొస్తోందంట."

"ట్యూబేలే. రెగ్యులేటరు తీసి మూత పెట్టమను. పోతాలే."

"మూత పెట్టినా వస్తోందంట."

ఆ మాట అతను విన్నాడు. వినలేదని ఇన్నాళ్లూ తనకి తనే చెప్పుకోబోయాడు గానీ, శుభ్రంగా విన్నాడు. మూత పెట్టినా వస్తోందంటే అది ట్యూబు కాదు, సిలిండరు మూతి లోపలి వాషరు. పరుగెత్తాల్సిన వాసన. కానీ పదిలో తొమ్మిది వాసనలు ట్యూబువే అయిన మనిషికి పదోది కూడా ట్యూబులాగే వినిపించింది. ముక్కుతో తేల్చాల్సినదాన్ని ఫోనులో తేల్చేశాడు. "సరే సరే" అని, కన్నం పెద్దది చేసే పనిలో పడ్డాడు. పది యాభైకి సైకిలెక్కి, "ఇప్పుడు రాసుకో" అన్నాడు. అవతల ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "సరే మామయ్యా" అంది. అప్పటికే ఆ వీధిలో జనం నీళ్లు మోసి మంట ఆర్పేశారని ఇద్దరికీ తెలియదు.

"ఒక్క నిమిషం మేడం, గోడౌనుకి లోడొచ్చింది," అంటూ ఓనరు ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు. లారీ చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

*

"ఇదంతా నీ చేతిరాతే కదమ్మా?" అంది ఆఫీసరమ్మ.

మేనకోడలు లేచి నిలబడింది. "అవునండి."

"కూర్చునే చెప్పు, పరవాలేదు. దర్జీ ఆవిడ ఆ రోజు పొద్దున వచ్చిందా?"

"వచ్చిందండి." ఆ పిల్ల కూర్చోలేదు. "ఎనిమిదీ నలభైకి వచ్చింది. మామయ్యకి చెప్పడం నేను మర్చిపోయాను. జనం ఎక్కువగా ఉన్నారు. పదిన్నర దాటాక గుర్తొచ్చి చెప్పాను. తప్పు బయటపడుతుందని టైము మార్చి రాశాను. మామయ్యకి ఇదేం తెలీదు."

ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పలకమీద దిద్ది దిద్ది నేర్చుకున్న పాఠంలా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. మెకానిక్కుకి అప్పుడర్థమైంది, ఆరు రోజులుగా ఇంట్లో తన పక్కన కూర్చుని మౌనంగా తింటూ ఈ పిల్ల ఏం చేస్తోందో. మౌనం ఇద్దరిదీ ఒకటే అనుకున్నాడు. తను దాచుకోవడానికి నోరు మూసుకుంటే, ఆ పిల్ల తనని దాచడానికి నోరు మూసుకుంది.

ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. "మీరేమంటారు?" అంది మెకానిక్కు వైపు తిరిగి.

"అబద్ధమండి," అన్నాడు.

మేనకోడలు చివాలున తలెత్తింది. ఆ చూపులో భయంకన్నా కోపం ఎక్కువగా ఉంది.

"ఏది అబద్ధం? ఆవిడ వచ్చిందన్నదా?" అంది ఆఫీసరమ్మ.

"ఆవిడ వచ్చిందండి. ఈ పిల్ల మర్చిపోయిందన్నది అబద్ధం. ఎనిమిదీ నలభై అయిదుకే నాకు ఫోను చేసింది. చెప్పాల్సిందంతా చెప్పింది. మూత పెట్టినా వస్తోందన్న మాట కూడా చెప్పింది. వెళ్లంది నేను."

"మామయ్యా, నువ్వూరుకో."

"ఆరు రోజులు ఊరుకున్నాగా."

"నీకేం తెలుసని..."

"నాకు తెలిసిందే చెబుతున్నానమ్మా. అబద్ధం రాయడం నేనే నేర్పాను నీకు. చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగినా కిందకి రానివ్వలేదు. "అత్తకి మందులు ఎవరు కొంటారు?" అంది, గొంతు తగ్గించి. "నాకైతే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నీకీ వయసులో ఎవరిస్తారు?"

"అది ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడతావా నువ్వు? అంత మాటకారివా?"

ఆఫీసరమ్మ ఇద్దరినీ ఆపలేదు. వాళ్లంతట వాళ్లు ఆగాక, కాగితం ముందుకి జరుపుకుని, "మొదట్నించి చెప్పండి," అంది. అంతలో ఆమె సంచీలో ఫోను మోగింది. పేరు చూసి ఒక క్షణం ఆలోచించింది. మోగనిచ్చింది. ఆగి మళ్లీ మోగింది. ఎత్తింది.

"సార్... ఇక్కడే ఉన్నాను సార్... చూశాను సార్... లేదు సార్, వాళ్లు ఇప్పుడే... సరే... సరే సార్."

కిటికీలోంచి చూస్తే, గోడౌను నీడలో ఓనరు ఫోను జేబులో పెట్టుకుంటూ కనిపించాడు. లోడొచ్చిన మనిషిలా లేడు, దించేసిన మనిషిలా ఉన్నాడు.

ఆఫీసరమ్మ పెన్నుకి మూత పెట్టింది. "ఇక్కడితో ఆపి రమ్మంటున్నారు," అంది. గొంతులో ఏ తేడా లేదు. తల మాత్రం ఎత్తలేదు. "నోటిమాటలు రాసుకురావద్దన్నారు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసిస్తే చాలన్నారు."

"అంటే ఇప్పుడు మేం చెప్పింది?" అంది మేనకోడలు.

"విన్నాను. వినొద్దని ఎవరూ అనలేదు. రాయలేను."

గదిలో ముగ్గురున్నారు, ముగ్గురికీ ఏం జరిగిందో తెలుసు. అయినా సాయంత్రానికి కంపెనీ కాగితంలో పది యాభై అనే ఉంటుంది. దర్జీ అబద్ధాలకోరు అవుతుంది. పీట మీద కూర్చుని మెకానిక్కు కోసం ఎదురుచూసిన ఆవిడకి, నిన్ను అక్కడ ఎవరు కూర్చోమన్నారు అని ఉత్తరం వెళ్తుంది. ఉత్తరానికి జవాబు ఎన్నాళ్లలో ఇవ్వాలో ఆ లెక్క కూడా కంపెనీ తప్పదు మరి.

మెకానిక్కు కౌంటరు దగ్గరికి నడిచాడు. బోర్లించి ఉన్న రిజిస్టరు తిరగేసి, చివర రాసిన పేజీ దాకా తిప్పాడు.

"రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు అన్నారు కదండీ," అన్నాడు.

"అవును."

"ఉంటే రాస్తారా?"

ఆఫీసరమ్మ అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. ఈసారి చూపు చాలాసేపు నిలిచింది. "ఉంటే రాయకుండా ఉండే వీలు నాకూ లేదు. పేజీలకి నంబర్లున్నాయి, ప్రతిదాని మీదా కంపెనీ ముద్ర ఉంది. రాసింది చింపే వీలు ఎవరికీ లేదు."

అతను పుస్తకాన్ని మేనకోడలి ముందుకి జరిపాడు. "రాయమ్మా. కొత్త ఫిర్యాదు."

ఆ పిల్ల పెన్ను తీయలేదు. అతను పెన్ను ఆమె వైపు జరిపాడు. చివరికి తీసింది.

"ఎవరిచ్చారని రాయను?"

"నేనే."

"ఎవరి మీద?"

"అదీ నేనే."

"ఎక్కడైనా ఉందా ఇలాంటిది," అని గొణుక్కుంటూనే రాసింది. అతను చెబుతూ పోయాడు. ఎనిమిదీ నలభై, ఎనిమిదీ నలభై అయిదు, మూత పెట్టినా వాసన, కొత్త ఇల్లు, రాతి కన్నం, పది యాభై. తరవాత పదకొండేళ్ల పద్ధతి, అది ఎవరు మొదలుపెట్టారు, ఎవరికి తెలుసు. ఓనరు పేరొచ్చిన చోట ఆ పిల్ల పెన్ను ఆగింది. "రాయి," అన్నాడు. రాసింది. వాగు పొంగిన రోజు కూడా రాయించాడు. గడి చాలక అక్షరాలు పక్క గడుల్లోకి పోయాయి.

రాయడం అయ్యాక కిందికి సంతకం గడికి వెళ్లబోయింది. అతను వేలు పెట్టి చూపించాడు.

"టైము వదిలేశావు."

"అలవాటు మామయ్యా," అంది. ఏడుపులోంచి చిన్న నవ్వొచ్చింది. "ఎంత వెయ్యను?"

"ఇప్పుడెంతయితే అంత."

గోడ గడియారం చూసి పదకొండూ పదిహేడు వేసింది. మూడేళ్ల ఉద్యోగంలో ఆ గడిలో అప్పటికప్పుడు చూసి రాయడం ఆమెకి అదే మొదటిసారి. అతను సంతకం చేశాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఓనరు నవ్వు మొహంతోనే లోపలికొచ్చాడు. "మేడం, బస్సులో ఎందుకు, మా కారులో దింపిస్తాను," అంటూ కౌంటరు వైపు చూశాడు. తడి ఆరని సిరా చూశాడు. ఆ పేజీ అంతా నిండి ఉండటం చూశాడు. నవ్వు అలాగే ఉంది, దాని వెనక మనిషి లేడు.

"ఏం రాస్తున్నారమ్మా అందులో? ఇటివ్వు," అని చెయ్యి చాపాడు.

ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె కూడా చెయ్యి చాపింది.

మేనకోడలు రిజిస్టరు మూసి రెండు చేతులతో గుండెలకి ఆనించుకుంది. ఒకవైపు జీతమిచ్చే చెయ్యి, ఇంకోవైపు పైనుంచి ఫోనొచ్చాక కూడా చాచిన చెయ్యి. ఏం చెయ్యమంటావన్నట్టు మామయ్య వైపు చూసింది.

అతను చూపు తిప్పుకోలేదు. నోరూ విప్పలేదు. ఈసారి ఆ పిల్లకి అతను ఏమీ నేర్పదలుచుకోలేదు.